‘మీ తరగతి కోసమే’ అన్న ఇంగ్లీషు పాఠాల కట్ట కొనకండి

తోటి ఇంగ్లీషు మాస్టార్లకు, ముఖ్యంగా పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ట్యూషన్లు చెప్పుకునేవారికి ఈ మాట చేరాలని రాస్తున్నాను. గత నెల 1,499 రూపాయలు పోగొట్టుకున్నాను. ఫోనులో ప్రకటన వచ్చింది: 300 పాఠ ప్రణాళికలు, అభ్యాస పత్రాలు, జవాబులతో సహా, ‘మీ తరగతి కోసమే’. ఆ రాత్రికే తగ్గింపు ధర ముగుస్తుందని గడియారం కూడా తిరుగుతోంది. అది చూసి తొందరపడ్డాను.

మొదటి ఇరవై పాఠాలు ప్రింటు తీయించాను. మూడో పాఠంలో మంచుబొమ్మకు ముక్కుగా క్యారెట్టు పెట్టడం. మా పిల్లల్లో మంచు కురవడం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. సరే, బొమ్మే కదా అనుకున్నాను. తర్వాత ఒక పాఠంలోని వాక్యాలను నా ప్రశ్నపత్రంలోకి కాపీ చేశాను. వాక్యాల చివర, పేజీలో నాకు కనిపించని ఒక వరుస వచ్చి పడింది. అది ఉపాధ్యాయులకు ఉచితంగా పాఠాలిచ్చే ఒక విదేశీ వెబ్‌సైటు చిరునామా. పేజీ అడుగున తెల్లటి పట్టీ అతికించి దాన్ని కప్పేశారు. కంటికి కనబడదు గానీ అక్షరాలు అక్కడే ఉన్నాయి.

కొన్ని పాఠాలు మాత్రం అమ్మినవారే రాసినట్టున్నాయి. అవి ఇంకా ఘోరం. కాలాల అభ్యాసానికి ఇచ్చిన జవాబు: ‘షీ ఈజ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’. మనం ఏళ్ల తరబడి ఎర్రసిరాతో కొట్టేసే వాక్యం అది. అక్కడ ‘హ్యాజ్ బీన్ లివింగ్’, ‘ఫర్ టూ ఇయర్స్’ ఉండాలి. ఎత్తుకొచ్చినవి సరిగ్గా ఉన్నాయి, సొంతంగా రాసినవే తప్పులు!

నాకు అసలు కోపం వచ్చింది ఉచ్చారణ పాఠం దగ్గర. ‘షిప్’, ‘షీప్’ జంటను అందరిచేతా ఒకే రీతిలో పలికించమన్నారు. మా బల్లమీద తెలుగు పిల్లవాడు, ఒడియా పిల్లవాడు పక్కపక్కనే కూర్చుంటారు. తెలుగువాడికి హ్రస్వ దీర్ఘాల తేడా అమ్మ ఒడిలోనే వచ్చింది. వాడికి పదం చివర అచ్చు చేర్చే అలవాటు మాన్పించాలి, లేకపోతే ‘బుక్’ ‘బుక్కు’ అవుతుంది. ఒడియా పలుకుబడిలో ఇ, ఈల మధ్య తేడా నిలవదు, ‘ష’ కూడా ‘స’ అయిపోతుంది. అందుకే వాడి నోట ‘షిప్’ ‘సిప్’గా వస్తుంది, ‘వెరీ’ ‘బెరీ’ అవుతుంది. ఒకే పాఠం ఇద్దరికీ ఎలా సరిపోతుంది? పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు వాచకాలు రాయడానికి ముందు సవర భాష నేర్చుకున్నారు. అంత కష్టం ఎవరినీ పడమనను గానీ, పిల్లల భాష తెలియనివాళ్లు ‘మీ తరగతి కోసమే’ అనకూడదు.

మీరు ఏది కొన్నా, రాసినవారెవరో, ఏ తరగతులకు ఎక్కడ చెప్పారో ముందు అడగండి. నేను డబ్బు కట్టాక అడిగితే ‘నిపుణుల బృందం’ అని జవాబు వచ్చింది, ఒక్క పేరూ లేదు. నమూనాగా ఒక పూర్తి పాఠం ఇమ్మనండి, పైపేజీ కాదు. అందులోని ఒక పొడవాటి వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే దాని పుట్టిల్లు చాలాసార్లు బయటపడుతుంది. జవాబుల పేజీ చదవడం మాత్రం మరవకండి. నేను అదే మరిచాను.

అసలు కొనవలసిన అవసరం కూడా తక్కువే. బ్రిటిష్ కౌన్సిల్ వారి టీచింగ్ ఇంగ్లీష్ వెబ్‌సైటులో పాఠ ప్రణాళికలు ఉచితం. వాటిలోనూ మనకు పనికిరానివి ఉంటాయి, కానీ ఎవరు ఇచ్చారో తెలుస్తుంది, తీసి పక్కన పెడితే నష్టం లేదు.

డబ్బు వెనక్కి ఇమ్మని మూడుసార్లు రాశాను. మొదటిసారి ‘డిజిటల్ సరుకు వాపసు లేదు’ అన్నారు, తర్వాత నా నంబరును అడ్డుకున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అమ్మినవారి ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. నేను రసీదు ఒక్కటే దాచాను, ప్రకటన ఈలోగా మాయమైంది.

ప్రింటు తీయించిన కాగితాలకు వెనకవైపు తెల్లగానే ఉంది. ప్రస్తుతం ఏడో తరగతి డిక్టేషన్ వాటి మీదే నడుస్తోంది.