టేబుల్‌టాప్ ఎలక్ట్రోస్పిన్నింగ్ మెషిన్: పాలీఅనిలిన్‌కి బావుంది, తేమ దగ్గరే చిక్కు

గ్యాస్ సెన్సర్ల కోసం మా ల్యాబ్‌లో వాడుతున్న మెషిన్ ఇది, పాలిమర్ ద్రావణాన్ని హై వోల్టేజితో సన్నని దారాలుగా లాగుతుంది. సిరంజి పంపు, 30 కిలోవోల్టుల సప్లై, తిరిగే డ్రమ్ము అన్నీ ఒకే బాక్సులో ఉంటాయి. తలుపు తీయగానే హై వోల్టేజి దానంతటదే ఆగిపోతుంది, కొత్తవాళ్ళ చేతికి ఇచ్చినా భయం లేదు.

మేం ఎక్కువగా తీసేది క్యాంఫర్ సల్ఫోనిక్ యాసిడ్‌తో డోప్ చేసిన, అంటే ఆ యాసిడ్ కలిపి కరెంటు పోయేలా చేసిన పాలీఅనిలిన్ అనే పాలిమర్, క్లోరోఫాంలో కరిగించి. దాని చైన్లు బిరుసు కాబట్టి ఒక్కదాన్నే తోస్తే దారం రాదు, చుక్కలు చిమ్ముతుంది. కాస్త పాలీఇథిలీన్ ఆక్సైడ్ కలపాల్సిందే, అది ఎక్కువైతే ఫైబర్ చక్కగా వస్తుంది కానీ కరెంటు సరిగ్గా పోదు. అందుకే తక్కువే కలుపుతాం, అలా లాగాలంటే పంపు నిలకడగా ఉండాలి, ఇది గంటకి అర మిల్లీలీటర్ దగ్గర కూడా తడబడదు, సూది చివర బొట్టు కోన్‌లా సాగి జెట్ లేవడం లోపలి లైట్లో స్పష్టంగా కనిపిస్తుంది, నాకైతే అది ఎంతసేపు చూసినా విసుగు రాదు.

ఆ ఫైబర్లని ఎలక్ట్రోడ్ల మీద పలచగా పరిచి అమ్మోనియా వదిలితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఎందుకంటే అమ్మోనియా పాలిమర్ నుంచి ప్రోటాన్ లాగేసుకుంటుంది, ఆకుపచ్చది నీలం వైపు తిరుగుతుంది. దారం సన్నగా ఉంటే గ్యాస్ లోపలిదాకా త్వరగా చేరుతుంది, మందం ఫిల్మ్‌తో ఆ స్పీడు రాదు. ఇక్కడ మెషిన్‌కి ఫుల్ మార్కులు.

పెద్ద లోపం, లోపల తేమ కంట్రోల్ లేదు. క్లోరోఫాం త్వరగా ఆరిపోయి సూది మూసుకుపోవడం ఒక గొడవ, గాలిలో తేమ ఎక్కువుంటే ఫైబర్ మీద గుంతలు పడటం ఇంకో గొడవ, నిన్న తీసిన బ్యాచ్, ఇవాళ తీసింది ఒకేలా ఉండవు. పాలీఅనిలిన్ రీడింగే తేమకి మారిపోతుంది, అలాంటిది తయారీలోనే తేడా వస్తే కాలిబ్రేషన్ ఎలా చేస్తాం? ఇంత ఖరీదైన మెషిన్‌లో ఇది వదిలేయడం అస్సలు బాలేదు.

మెటల్ ఫైబర్ల కోసమైతే ఇది సగం పనే చేస్తుంది. పాలిమర్ దారం తీసిస్తుంది, దాని మీద గోల్డ్ పూత వేరే చోట వేసుకోవాలి. హైడ్రోజన్ సెన్సర్ కోసం పల్లాడియం తీగలు కావాలంటే అల్యూమినా టెంప్లేట్ (సన్నని రంధ్రాలున్న అచ్చు) రంధ్రాల్లో ఎలక్ట్రోడిపాజిషన్, అంటే కరెంటుతో లోహాన్ని పేర్చడం, చేసుకోవచ్చు, దానికి దీంతో పనే లేదు.

పొడవాటి దారాలు అక్కర్లేదు, ప్యూర్ పాలీఅనిలిన్ చాలు అనుకుంటే కూడా కొనకండి. యాసిడ్ నీళ్ళలో అమ్మోనియం పర్‌సల్ఫేట్ వేసి, పైన టాలుయీన్‌లో కలిపిన అనిలిన్ (పాలీఅనిలిన్‌కి ముడిసరుకు) మెల్లగా పోసి వదిలేస్తే, రెండు పొరలు కలిసే చోట నానోఫైబర్లు పుట్టి ఆకుపచ్చగా కిందికి దిగుతాయి, ఒక బీకరు చాలు. వరుసగా ఒకే దిక్కులో దారాలు కావాల్సినవాళ్ళు మాత్రం ఇది తీసుకోవచ్చు, ఆర్డర్ పెట్టేముందు డ్రై ఎయిర్ ఇచ్చే పోర్టు పెట్టిస్తారా అని గట్టిగా అడగండి.