డెబియన్ 13 నెట్‌వర్క్ ఇన్‌స్టాలర్: ఇంటి గేట్‌వే వెనక నుంచి

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడానికి మొరాయించిన ఒక పాత డెస్క్‌టాప్‌లోకి ఇంటి నెట్‌వర్క్ మీదుగానే డెబియన్ 13 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. ఇన్‌స్టాలర్‌కు మంచి మార్కులే వేస్తాను గానీ, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడంలో మాత్రం అది మహా పొదుపరి. 32 బిట్ల ఇంటెల్ తరహా పీసీలకు ఈ వెర్షన్‌లో ఇన్‌స్టాలరే లేదని ముందుగా గమనించాలి.

మొదటి అడ్డంకి ఇన్‌స్టాలర్‌ది కాదు. ఇలా బూట్ అయ్యే యంత్రానికి ఐపీ అడ్రస్‌తో పాటు బూట్ ఫైలు పేరు, అది ఉన్న సర్వర్ వివరం కూడా డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో చేరే యంత్రాలకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ద్వారా అందాలి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చిన మా గేట్‌వే, అంటే రౌటర్ పెట్టె, అడ్రస్ ఇచ్చి ఊరుకుంది. మిగతా రెండూ నింపడానికి దాని సెట్టింగులలో చోటే లేదు. బూట్ ఫైలు పేరు అందలేదని చెప్పే ‘పీఎక్స్‌ఈ-ఈ53’ ఎర్రర్ తెర మీద నిలిచిపోయింది. గేట్‌వేలో డీహెచ్‌సీపీ ఆపేస్తే ఇంటిల్లిపాది ఫోన్లూ నా ల్యాప్‌టాప్ మీద ఆధారపడవలసి వస్తుంది కనుక, ల్యాప్‌టాప్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రామ్‌ను ప్రాక్సీ పద్ధతిలో, అంటే గేట్‌వేకు తోడుగా, నడిపాను. అప్పుడు అడ్రస్‌లు గేట్‌వేయే పంచుతుంది, బూట్ వివరాలు చెప్పడమూ టీఎఫ్‌టీపీ అనే సరళమైన పద్ధతిలో ఫైళ్లు పంపడమూ డీఎన్‌ఎస్‌మాస్క్ చూసుకుంటుంది. ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69, 4011 పోర్టులు తెరవడం మరిచి గంటసేపు తల పట్టుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

అసలు చిక్కు మిర్రర్, అంటే డెబియన్ ఫైళ్ల నకలు ఉంచే సర్వర్, ఎంచుకునే దగ్గర వచ్చింది. ఏ దేశపు మిర్రర్ ఎంచుకున్నా అది సరైనది కాదనే ఇన్‌స్టాలర్ అంటుంది. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి లాగ్ చూస్తే, సర్వర్ పేరుకు అడ్రస్ దొరకడం లేదని తేలింది. ఆల్ట్, ఎఫ్2తో షెల్‌లోకి (ఆదేశాలు టైప్ చేసే తెర) వెళ్లి, గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ కొడితే జవాబు వచ్చింది. అంటే దారి బాగానే ఉంది, గేట్‌వేలో పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్సే పలకడం లేదు. మా ఫోన్లలో వేరే డీఎన్‌ఎస్ అడ్రస్ నేరుగా పెట్టి ఉండడం వల్ల ఈ లోపం ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. డీఎన్‌ఎస్ అడ్రస్ ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలులో గేట్‌వే అడ్రస్ 192.168.1.1 తీసి, క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ 1.1.1.1 రాసి, ఆల్ట్, ఎఫ్1తో వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించగానే మిర్రర్ దొరికింది. లాగ్‌లో స్పష్టంగా ఉన్న కారణాన్ని ఆ ఎర్రర్ పక్కనే ఒక వాక్యంలో చెప్పి ఉంటే, నాలుగు దేశాల మిర్రర్‌లు మార్చి చూసే పని తప్పేది.

ఆ తర్వాత ఇన్‌స్టాలేషన్ ఎక్కడా ఆగలేదు. అయితే రీబూట్ చేశాక కొత్త సిస్టం డీహెచ్‌సీపీని అడిగి మళ్లీ ఆ 192.168.1.1నే తెచ్చుకుంది. చివరకు గేట్‌వే డీహెచ్‌సీపీ పేజీలోనే డీఎన్‌ఎస్ అడ్రస్ మార్చవలసి వచ్చింది. అదృష్టవశాత్తూ దానికి మాత్రం అందులో చోటుంది.