పోర్ట్‌ఫోలియో ఫ్లో డ్యాష్‌బోర్డ్: శాతం సంగతి ఎలా ఉన్నా, వయసు చార్ట్ కోసం కొనొచ్చు

జిరా (టీమ్‌ల పనుల్ని టికెట్లుగా రాసి, బోర్డు మీద వాటి జాడ చూపే సాఫ్ట్‌వేర్) మీద పనిచేసే ఫ్లో మెట్రిక్స్ ప్లగిన్ ఇది, అంటే పని ఎంత సాఫీగా కదులుతోందో కొలిచే అదనపు టూల్. పేరు రాయడం లేదు. నేను తప్పుపట్టేవన్నీ ఈ కోవలో ఏ టూల్ కొనేముందైనా డెమోలోనే అడగాల్సిన విషయాలు కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. నేను పోర్ట్‌ఫోలియో ఆఫీసులో, అంటే అన్ని టీమ్‌ల పెద్ద పనులనీ కలిపి చూసే చోట, ఉంటాను. కోడ్ రాయను, టెస్ట్ చేయను. ఏ ఎపిక్ (చాలా చిన్న పనులుగా విడగొట్టే పెద్ద పని) ఎక్కడ ఆగిందో కనుక్కుని, ఆపినవాళ్ల వెంటపడడం నా ఉద్యోగం. రివ్యూ కూడా ఆ కోణంలోనే ఉంటుంది.

ఎందుకు కొన్నామంటే, టైమ్‌షీట్లు చూస్తే అందరికీ చేతినిండా పని. స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) రిపోర్టుల్లో వెలాసిటీ, అంటే ఒక్కో విడతలో పూర్తయ్యే పని, బాగానే ఉంది. ఎపిక్‌లు మాత్రం బయటికి రావు. మనుషులు ఎంత బిజీగా ఉన్నారో చెప్పే రిపోర్టులు మా దగ్గర కుప్పలుతెప్పలు. పని ఎవరి చేతిలోనూ లేకుండా ఎంతకాలం పడి ఉందో చెప్పేది ఒక్కటీ లేదు. ఫ్లో ఎఫిషియెన్సీ చెప్పేది అదే. పని మొదలైనప్పటి నుంచి కస్టమర్ చేతికి చేరేదాకా పట్టిన మొత్తం సమయంలో, దాని మీద నిజంగా పని జరిగింది ఎంత శాతం అన్నది. 20 రోజుల్లో పూర్తయిన స్టోరీ (ఎపిక్‌లోని ఒక చిన్న పని) మీద 3 రోజులే పని జరిగితే 15 శాతం. మిగతా 17 రోజులు అది రివ్యూ కోసమో, అప్రూవల్ కోసమో, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ కోసమో ఎదురుచూసింది. అలాంటి చోట డెవలపర్‌ని రెట్టింపు వేగంతో పరిగెత్తించినా మిగిలేది రోజున్నరే.

ఇన్‌స్టాల్ చేసి జిరాకి కలపడం తేలికే, ఆ సంగతి వదిలేద్దాం. అసలు పరీక్ష స్టేటస్‌ల మ్యాపింగ్ దగ్గర మొదలవుతుంది. బోర్డులోని ప్రతి స్టేటస్‌నీ ‘పని జరుగుతోంది’ లేదా ‘ఎదురుచూపు’ కింద వేయమంటుంది. మూడో దారి లేదు. ‘బ్లాక్డ్’, ‘రెడీ ఫర్ టెస్టింగ్’ లాంటివి పేచీ లేకుండా ఎదురుచూపులోకి పోయాయి. గొడవంతా కోడ్ రివ్యూ దగ్గరే. రివ్యూ అంటే పనే కదా అని డెవలపర్లు. టికెట్ ఆ కాలమ్‌లోకి వచ్చాక మొదటి కామెంట్ పడేదాకా ఎవరూ ముట్టుకోవడం లేదని నేను. రెండూ నిజమే, ఎందుకంటే ఆ ఒక్క కాలమ్‌లో రెండు వేర్వేరు స్థితులు ఇరుక్కుని ఉన్నాయి. చివరికి కాలమ్‌నే చీల్చి ‘రివ్యూకి సిద్ధం’, ‘రివ్యూ జరుగుతోంది’ అని రెండు చేశాం. టెస్టింగ్‌కీ, డిప్లాయ్‌మెంట్‌కీ అదే పద్ధతి. ఈ పని చేయకుండా టూల్ ఆన్ చేస్తే, వచ్చే శాతం మీద చర్చ దండగ.

అంత చేసినా ‘ఇన్ ప్రోగ్రెస్’లో ప్రోగ్రెస్ చాలాసార్లు నేతిబీరకాయలో నెయ్యంతే. ఒక డెవలపర్ పేరు మీద నాలుగు టికెట్లు ఇన్ ప్రోగ్రెస్‌లో ఉంటే, ఎప్పుడు చూసినా మూడు ఊరికే పడి ఉన్నట్టే. టూల్ లెక్కలో మాత్రం నాలుగూ పనిలోనే ఉంటాయి. ఇది టూల్ లోపం అనను. కానీ సెటప్ గైడ్‌లో దీని గురించి ఒక్క ముక్కయినా లేకపోవడం వాళ్ల తప్పే.

వాళ్ల పెద్ద తప్పు డీఫాల్ట్ క్యాలెండర్‌లో ఉంది. పని జరిగిన సమయాన్ని ఆఫీసు గంటల్లో, మొత్తం సమయాన్ని రాత్రులూ సెలవులూ కలిపి లెక్కపెడుతుంది. వారానికి 40 పనిగంటలు, వారంలో ఉన్నవి 168 గంటలు. అంటే వారాల తరబడి ఎక్కడా ఆగకుండా సాగిన పనికైనా వచ్చేది 24 శాతం దగ్గరదగ్గరే. అదే మంగళవారం పొద్దున మొదలై సాయంత్రానికి అయిపోయిన చిన్న బగ్‌కి నూటికి నూరు. ఈ సెట్టింగ్ సంగతి మా దాకా రాకముందే మొదటి రిపోర్ట్ పైకి వెళ్లింది. ఒక టీమ్ లీడ్ ఫోన్ చేశాడు.

“మేడమ్, మా ఎపిక్‌కి 22 శాతం అని రిపోర్ట్‌లో వచ్చిందట. ఆ పని ఎక్కడా ఆగలేదు కదండీ, మిగతా 78 ఎక్కడికి పోయింది?”

“రాత్రిళ్లూ, శనాదివారాలూనండీ,” అన్నాను. ఇంకేం చెప్పను?

అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ పేజీలో అట్టడుగున ఒక టిక్ బాక్స్ ఉంది. అది పెడితే రెండు సమయాలకీ ఒకే క్యాలెండర్ వాడుతుంది. పెట్టాక అదే ఎపిక్ 90 దాటింది. ఇంత తేడా తెచ్చే ఆప్షన్‌ని అక్కడ దాచడం ఏమిటో, దాన్ని డిజైన్ చేసినవాళ్లకే తెలియాలి.

ఇంతకన్నా లోతైన చిక్కు ఎపిక్ స్థాయి లెక్కలో ఉంది. పోర్ట్‌ఫోలియో మీటింగ్‌లో ఎవరూ స్టోరీలు చూడరు, ఎపిక్‌లే చూస్తారు. కాబట్టి కింది స్టోరీల సమయాలను పైకి ఎలా కలుపుతారన్నదే ఇలాంటి టూల్‌కి ప్రాణం. ఇక్కడ వాడిన పద్ధతి ఏమిటంటే, ఎపిక్ కింద ఒక్క స్టోరీ పనిలో ఉన్నా ఆ రోజు ఎపిక్ మొత్తం పనిలో ఉన్నట్టే. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఎపిక్‌లో ఒకే సైజు స్టోరీలు 10 ఉన్నాయి. పదింటినీ ఒకే రోజు మొదలుపెట్టినట్టు బోర్డు మీద పెట్టేశారు, కానీ చేసేవాళ్లు ఇద్దరే, ఒకదాని తర్వాత ఒకటి చేస్తారు. వారానికి ఒకటి చొప్పున పది వారాల్లో అన్నీ అయ్యాయి. ప్రతి వారం ఏదో ఒక స్టోరీ మీద పని నడిచింది కాబట్టి ఎపిక్‌కి ఈ టూల్ ఇచ్చేది 100 శాతం. స్టోరీల వైపు నుంచి చూస్తే మొదటిది 1 వారంలో, రెండోది 2 వారాల్లో, అలా పదోది 10 వారాల్లో బయటపడింది. అన్నీ కలిపితే 55 వారాలు, అందులో పని జరిగింది 10 వారాలు. అంటే 18 శాతం.

డేటా ఒకటే. ఒక లెక్కలో 100, ఇంకో లెక్కలో 18. ఏదీ తప్పు కాదు. ఈ ఎపిక్‌ని ఎవరైనా పట్టించుకుంటున్నారా అని అడిగితే మొదటిది జవాబు. ఒకేసారి ఎన్ని తెరిచి పెట్టుకున్నారు అని అడిగితే రెండోది. నాకు కావలసింది రెండోది. టూల్ చూపించేది మొదటిది, పైగా ఏ లెక్క వాడుతోందో స్క్రీన్ మీద ఎక్కడా రాయదు. దీని ఫలితం ఏమిటంటే, ఎపిక్ ఎంత పెద్దదైతే అంత పచ్చగా కనిపిస్తుంది. స్టోరీలు ఎక్కువ ఉన్నప్పుడు ఏ రోజైనా ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది కదా. పెద్ద ఎపిక్‌లని విడగొట్టండి బాబూ అని నెత్తీనోరూ కొట్టుకునే మాకు, విడగొట్టినవాళ్లకే తక్కువ మార్కులు వేసే డ్యాష్‌బోర్డ్ దొరికింది!

గడియారం ఎక్కడ మొదలవ్వాలో మాత్రం మన ఇష్టానికి వదిలారు, అది నచ్చింది. పోర్ట్‌ఫోలియో కాన్‌బాన్‌లో (ఎపిక్‌లు దశలవారీగా కదిలే బోర్డు) ఫన్నెల్ దగ్గర, అంటే ఐడియాలు వచ్చి పడే మొదటి కాలమ్ దగ్గర, మొదలుపెడితే, ఎవరో ఎప్పుడో పడేసిపోయిన ఐడియాల వయసంతా కలిసి శాతం పాతాళానికి పోతుంది. అప్రూవ్ అయి పోర్ట్‌ఫోలియో బ్యాక్‌లాగ్‌లోకి (చేయాల్సిన పనుల వరుస) వచ్చిన చోట మొదలుపెట్టుకున్నాం. చేస్తామని మాట ఇచ్చింది అక్కడే కాబట్టి.

పేజీ పైన పోర్ట్‌ఫోలియో మొత్తానికి ఒక పెద్ద మీటర్ ఉంటుంది. పెద్దవాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకునేది దాన్నే. అది శాతాల సగటు. 2 రోజుల్లో 1 రోజు పని జరిగిన చిన్న ఐటమ్‌కి 50 శాతం, 100 రోజుల్లో 5 రోజులు పని జరిగినదానికి 5 శాతం, సగటు 27.5 అంటుంది. నిజానికి 102 రోజుల్లో పని జరిగింది 6 రోజులు, 6 శాతం కూడా లేదు. చిన్నచిన్న ఐటమ్స్ నాలుగు తోసేస్తే మీటర్ పెరుగుతుంది. ఆ మీటర్‌ని మా పేజీ నుంచి తీయించేశాను.

ఇన్ని తిట్టాక కూడా పొద్దున లాగిన్ అవ్వగానే నేను తెరిచేది ఈ టూల్‌నే, అందులో వయసు చార్ట్‌ని. అడ్డంగా కాన్‌బాన్ కాలమ్‌లు, నిలువుగా రోజులు, ఇంకా పూర్తికాని ప్రతి ఎపిక్‌కీ ఒక చుక్క. ఇదివరకు పూర్తయిన ఎపిక్‌లలో సగం ఎన్ని రోజుల్లోపు అయ్యాయో ఒక గీత, 85 శాతం ఎన్ని రోజుల్లోపు అయ్యాయో ఇంకో గీత. చుక్క రెండో గీత దాటితే ఎర్రబడుతుంది. దాని మీద మౌస్ పెడితే ఏ కాలమ్‌లో ఎన్ని రోజులు ఉందో చిన్న పట్టీలా కనిపిస్తుంది. ఫ్లో ఎఫిషియెన్సీ లెక్క పని అయిపోయాకే తేలుతుంది, అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు. ఈ చార్ట్ పని ఇంకా మన చేతిలో ఉండగానే చెబుతుంది.

మాకు ఎర్రచుక్కలన్నీ ఒకే కాలమ్ మీద ముసిరి కనిపించాయి. అది సెక్యూరిటీ అప్రూవల్. అన్ని టీమ్‌లకీ కలిపి ఆ పని చూసేది ఒక్క మనిషే. అప్పటిదాకా ఏ టీమ్‌కి ఆ టీమ్ ‘మా ఒక్క టికెట్టే ఆగింది’ అనుకుంటోంది. ఆయన్ని ఎందుకు ఆలస్యం అని అడిగితే, “నేను ఒక్క పూట ఖాళీగా లేనండీ, కావాలంటే క్యాలెండర్ చూడండి,” అన్నారు. చూశాను, నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కోటీ ఒక్కో సైజులో ఉంటే, క్యూ సిద్ధాంతంలోని అతి సాధారణ మోడల్ ప్రకారం ఆ మనిషి సమయం 80 శాతం నిండినప్పుడు ఒక పని చేయడానికి పట్టే సమయానికి సగటున 4 రెట్లు వరుసలోనే గడుస్తుంది. 90 శాతానికి 9 రెట్లు, 95కి 19 రెట్లు. ఒకరోజు పనికి నాలుగు వారాల నిరీక్షణ వెనక సోమరితనం ఏమీ లేదు, లెక్కే అంత. టూల్ ఎక్కడ ఆగిందో చూపించింది గానీ ఈ కారణం దాకా రాలేదు. కాలమ్ పక్కన ‘ఈ పని చేసేవాళ్లు ఎంతమంది’ అని రాసుకునే గడి ఒకటి పెట్టినా సగం పని అయ్యేది. మేం చేసిందల్లా, తక్కువ రిస్క్ ఉన్న మార్పులకి టీమ్‌లే ఒక చెక్‌లిస్ట్ చూసుకుని ముందుకెళ్లేలా అనుమతి తేవడం. చుక్కలు పల్చబడ్డాయి.

క్యుములేటివ్ ఫ్లో డయాగ్రమ్ (ఏ దశలో ఎన్ని పనులు ఉన్నాయో రోజురోజుకీ చూపే చార్ట్) బాగుంది, జూమ్ చేస్తే నెమ్మదిస్తుంది. దాని పక్కనే, చేతిలో ఎన్ని పనులు ఉంటే ఒక్కోటీ ఎన్ని వారాల్లో అవుతుందో జరిపి చూసే ఒక స్లైడర్ ఉంది, మీటింగుల్లో అది భలే పనికొస్తుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రమే దాని ఆధారం. సగటున చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో వస్తుంది. 60 ఎపిక్‌లు తెరిచి ఉండి వారానికి 4 పూర్తవుతుంటే 15 వారాలు. 40కి తగ్గించి అదే 4 పూర్తి చేయగలిగితే 10 వారాలు. ‘కొత్తవి మొదలుపెట్టకండి’ అని నేను చెబితే వినని డైరెక్టర్లు, స్లైడర్ తామే జరిపి చూసి ఒప్పుకున్నారు. ఒక్క జాగ్రత్త. వచ్చే పనీ పోయే పనీ దాదాపు సమానంగా ఉండి, మధ్యలో వదిలేసిన ఎపిక్‌లను లెక్కలోంచి తీసేసినప్పుడే ఈ సూత్రం సరిగ్గా పనిచేస్తుంది. మా బోర్డులో ఎవరూ క్లోజ్ చేయని చచ్చిన ఎపిక్‌లు చాలానే ఉన్నాయి. అవి ఏరేశాకే స్లైడర్ మాటలు నమ్మడం మొదలుపెట్టాను.

టీమ్‌ల మీద దీని ప్రభావం గురించి కూడా చెప్పాలి. శాతాన్ని నెలవారీ రివ్యూలో పెట్టగానే ‘బ్లాక్డ్’ జెండా ఎత్తడం తగ్గిపోయింది. ఎత్తితే శాతం పడుతుంది కదా, టికెట్‌ని ఇన్ ప్రోగ్రెస్‌లోనే ఉంచేస్తే గొడవ లేదు. అంకె అందంగా మారింది, అడ్డంకులు ఎక్కడున్నాయో తెలియడం ఆగిపోయింది. రివ్యూ స్లైడ్ నుంచి ఆ అంకెను తీసేసి, ఎర్రచుక్కలకి కారణాలు మాత్రం చర్చించడం మొదలుపెట్టాక జెండాలు మళ్లీ కనిపిస్తున్నాయి. ఇంకో విషయం, మనిషికొక శాతం చూపించే వ్యూ ఇందులో డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. వెంటనే ఆఫ్ చేయండి. టికెట్ ఎదురుచూసిన కాలాన్ని మనిషి పేరు కింద రాయడం అన్యాయం, అప్రైజల్ టైమ్‌లో అది ఎవరి కంట పడినా టెన్షనే.

సేఫ్‌లో (SAFe, పెద్ద సంస్థల్లో చాలా టీమ్‌లు కలిసి పనిచేయడానికి వాడే పద్ధతి) చెప్పే ఆరు ఫ్లో కొలతలకీ ఇందులో చార్టులు ఉన్నాయి. డిస్ట్రిబ్యూషన్ (ఏ రకం పని ఎంత), లోడ్ (చేతిలో ఎన్ని పనులు) అప్పుడప్పుడు చూస్తాను, ప్రిడిక్టబిలిటీ (అనుకున్నదాంట్లో ఎంత అయింది) మీటర్ తెరిచిందే తక్కువ. సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ శుభ్రంగా వస్తుంది, ప్రతి స్టేటస్ మార్పుకీ తేదీ, సమయం ఉంటాయి. సపోర్ట్ వాళ్లు మర్యాదగా, త్వరగానే జవాబిస్తారు. ఎపిక్ లెక్క మార్చే ఆప్షన్ ఇవ్వమని అడిగితే మాత్రం ‘రోడ్‌మ్యాప్‌లో ఉంది’ అన్నారు. ఆ ఎపిక్ వయసు ఎంతో అడగాలనిపించింది, అడగలేదు.

ఐదుకి మూడు ఇస్తాను, ఆ మూడూ వయసు చార్ట్‌కీ స్లైడర్‌కీ. ఒకటి రెండు టీమ్‌లే ఉంటే జిరాలో ఉచితంగా వచ్చే కంట్రోల్ చార్ట్ (ఒక్కో పనికి ఎంత సమయం పట్టిందో చూపేది), క్యుములేటివ్ ఫ్లో డయాగ్రమ్‌తో సరిపెట్టుకోండి. చాలా టీమ్‌లు ఒకే అప్రూవల్ మీద ఆధారపడే చోటైతే ట్రయల్ తీసుకోండి. డెమోలో వాళ్ల శాంపిల్ డేటాతో సరిపెట్టుకోకుండా, మీ దగ్గర పూర్తయిన ఎపిక్‌లు రెండు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, వాటి స్టేటస్ చరిత్ర ముందే చేత్తో లెక్కకట్టి పట్టుకెళ్లండి. టూల్ ఇచ్చిన అంకె మీదానితో కలవకపోతే, ఎందుకో వాళ్ల చేతే చెప్పించండి.