ఫ్లెక్సీయా, కాగితమా, స్క్రీన్ ప్రింటా: సంఘీభావ పోస్టర్ల ప్రదర్శనకు ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల పిల్లలు ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. క్యూబా, పారిస్, దక్షిణాఫ్రికా సంఘీభావ పోస్టర్లతో, అంటే పోరాడే జనం పక్షాన నిలబడి వేసిన పోస్టర్లతో ప్రదర్శన పెట్టాలనుకుంటారు. బొమ్మలు ఎంచుకుంటారు, హాలు దొరుకుతుంది, ప్రిన్సిపాల్ గారూ సరేనంటారు. తీరా వాటిని దేనిమీద వేయించాలో తేల్చుకోలేక ఆగిపోతారు.

మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది ఫ్లెక్సీ. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుంది. చదరపు అడుగు లెక్కన చవక, వాన పడ్డా చెడదు, చుట్టి బస్సులో పట్టుకెళ్లిపోవచ్చు. ప్రదర్శన పేరు వేసి గేటుకి కట్టడానికి అదే సరైనది. లోపల గోడలకు మాత్రం వద్దంటాను.

ఎందుకంటే ఆ పోస్టర్ల అడుగున ఒక చిన్న వాక్యం ఉంటుంది. 1966 జనవరిలో హవానాలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ప్రతినిధుల మహాసభ జరిగింది. దాని నుంచి పుట్టిన ఓస్పాల్ సంస్థ తన పోస్టర్లను ట్రైకాంటినెంటల్ పత్రికలో మడిచి పెట్టి దేశదేశాలకు పంపేది. ఫలానా దేశ ప్రజలతో సంఘీభావ దినం అని స్పానిష్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, అరబిక్ భాషల్లో సన్నటి అక్షరాలతో వేసేవారు. బొమ్మ చూడగానే ఆకట్టుకుంటుంది, కానీ ఎవరి పక్షాన గీశారో చెప్పేది ఆ వాక్యమే. ఫ్లెక్సీ రోడ్డు మీద పోయేవాళ్ల కోసం తయారైంది, దగ్గరికెళ్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నెట్‌లో దొరికిన చిన్న ఫైలును ఆరడుగులకు సాగదీస్తే అరబిక్ అక్షరాల చుక్కలన్నీ కలిసిపోయి నల్లటి గీత మిగులుతుంది. ఎవరి కోసమో తెలియని సంఘీభావ పోస్టరు గోడకు అలంకారమే తప్ప ఇంకేం కాదు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

హెలెనా సెరానో 1968లో చేసిన చే గువేరా పోస్టరు లాంటివి పెద్దగా వేసినా నిలబడతాయి, ఒప్పుకుంటాను. కావాలంటే ఆ ఒక్కటీ గుమ్మం దగ్గర పెద్దది పెట్టుకోండి.

మిగతావి కాగితం మీదే వేయించండి. ఓస్పాల్ పోస్టర్లు ఎక్కువగా 13 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల ఎత్తుకు అటూఇటూ ఉండేవి. మన డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో దొరికే 13×19 షీటు దానికి బాగా దగ్గర. కాస్త తగ్గిస్తే పోస్టరు దాదాపు అసలు సైజులోనే వస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఫైలు ఎత్తు 5,700 పిక్సెళ్లు ఉండాలి. అంత దొరక్కపోతే ఆ బొమ్మ మానేసి ఇంకోటి వెతకండి. గ్లాసీ కాగితం, లామినేషన్ రెండూ వద్దు, ట్యూబ్‌లైటు వెలుగంతా అందులోనే పడుతుంది. మన సముద్రపు గాలికి కాగితం అంచులు లేచిపోతాయి కాబట్టి సన్‌బోర్డుకు (తేలికపాటి ఫోమ్ పలకకు) షీటంతా అంటేలా అతికించాలి. పక్కన చిన్న అట్ట మీద ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టండి. ఇంకో ప్రింటు తీసి, పత్రికలో వచ్చినట్టే మడిచి బల్ల మీద ఉంచండి. వచ్చినవాళ్లు చేత్తో విప్పి చూసుకుంటారు.

శ్రీకాకుళం గిరిజన పోరాటానికి ఒక గోడ కావాలని కొందరు అడుగుతున్నారు. తప్పకుండా పెట్టండి. కాకపోతే పోస్టర్లు కొత్తగా గీసి పాతవాటిలా చూపించకండి. ఇక్కడ విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిద్యంతో పాడి చెప్పే జముకుల కథతో జనంలోకి వెళ్లాడు, 1969లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ గోడ దగ్గర జముకు వినిపించండి.

ప్రొజెక్టర్ వద్దు, పగలు హాల్లో కనపడదు. చార్టుల మీద చేత్తో దించిన నకళ్లు స్కూలు పిల్లలకైతే బాగుంటాయి.

స్క్రీన్ ప్రింట్ సంగతి వేరు. చట్రానికి బిగించిన సన్నటి జాలీ బట్ట గుండా రంగును కాగితం మీదికి లాగే పద్ధతి ఇది. 1968 మేలో పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే లలిత కళల కాలేజీని ఆక్రమించిన విద్యార్థులు, కళాకారులు సంతకాల్లేకుండా పోస్టర్లు వేసింది ఈ పద్ధతిలోనే. దక్షిణాఫ్రికా ప్రవాసులు బోట్స్వానాలోని గబొరోన్‌లో నడిపిన మెడు అనే కళాకారుల బృందం కూడా స్క్రీన్ మీదే ముద్రించింది. 1985 జూన్ 14న దక్షిణాఫ్రికా సైన్యం సరిహద్దు దాటి వచ్చి చంపిన 12 మందిలో ఆ బృందం చిత్రకారుడు థామీ మ్న్యెలే ఉన్నాడు. ఈ చరిత్ర చెప్పేటప్పుడు పిల్లల చేతికి రంగు అంటాలని నా కోరిక. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి, ఒకటి ఆరాకే రెండోది వేయాలి. మూడో రంగు కలపాలంటే ఎందుకు ఆలోచించేవారో అప్పుడు అర్థమవుతుంది.

అన్నీ అలా చేయాలంటే నెల పడుతుంది, ఖర్చూ తట్టుకోలేరు. అందుకని పాతవి కాగితం మీద వేయించి, రెండు రంగుల్లో ఒక్క కొత్త పోస్టరు మాత్రం స్క్రీన్ మీద చేయండి. ఇవాళ ఎవరి పక్షాన నిలబడాలనుకుంటున్నారో పిల్లలే తేల్చుకోవాలి. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటరు మీ ఊళ్లోనూ ఉంటాడు. ఆయన్ని ఒక పూట కాలేజీకి పిలవండి, కూలి ముందే మాట్లాడుకోండి, రంగు లాగే రబ్బరు పట్టీ, అదే స్క్వీజీ, మాత్రం పిల్లల చేతికివ్వమనండి.