మాస్టర్సా, క్రూసిబులా: ఏది చూడాలి?

హన్మకొండలో నేను ఆడే స్నూకర్ పార్లర్‌లో కుర్రాళ్లు ఏటా ఇదే అడుగుతారు: "అన్నా, ఒక్క టోర్నీయే చూడాలంటే ఏది చూడాలె?" అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి లండన్‌లో జరిగే మాస్టర్స్, రెండోది షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో 1977 నుంచి జరుగుతున్న ప్రపంచ ఛాంపియన్‌షిప్. యార్క్‌లో ఆడే యూకే ఛాంపియన్‌షిప్ కూడా ఉంది. తీరిక దొరికితే చూడండి.

మాస్టర్స్‌కు 16 మందే, అందరూ పైవరుస ఆటగాళ్లే. కాబట్టి మొదటిరోజు నుంచే పెద్ద మ్యాచ్‌లు. ఒకటే టేబుల్, మొదట్లో ఆరు ఫ్రేమ్‌లు (ఫ్రేమ్ అంటే మ్యాచ్‌లో ఒక్కో ఆట) గెలిస్తే చాలు. వచ్చేది కూడా సంక్రాంతి రోజుల్లోనే. మధ్యాహ్నం మ్యాచ్ మనకు సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది, సకినాలు నములుతూ చూసేయొచ్చు.

క్రూసిబుల్ అలా కాదు. 32 మంది, 17 రోజులు. మొదటి రౌండ్‌కే పది ఫ్రేమ్‌లు గెలవాలి, ఫైనల్‌కు 18. మొదటి వారం బోర్ కొట్టిందంటే నేను కాదనను. రెండు టేబుళ్ల మధ్య అడ్డుతెర, ఒక్కోసారి సేఫ్టీ షాట్లతోనే, అంటే బంతి వేయకుండా ఎదుటివాడికి అవకాశం దొరక్కుండా చేసే షాట్లతోనే, పావుగంట గడిచిపోతుంది.

అయినా నా ఓటు దానికే, ఆ పొడవు వల్లే. 1985 ఫైనల్ తీసుకోండి. డెన్నిస్ టేలర్ 0-8తో వెనకబడ్డాడు. మాస్టర్స్ మొదటి రౌండైతే 0-6 దగ్గరే ఇంటికి పోయేవాడు. ఇక్కడ మాత్రం మొదటి రోజు ముగిసేసరికి 7-9కి వచ్చాడు. మర్నాడు అర్ధరాత్రి దాటాక చివరి నల్ల బంతి కొట్టి స్టీవ్ డేవిస్‌పై 18-17తో గెలిచాడు. మ్యాచ్ మొత్తంలో అతను ముందుకు వచ్చింది అప్పుడే. నేనైతే మూడు ఫ్రేమ్‌లు వరసగా పోతే క్యూ గోడకు ఆనించి చాయ్‌కి వెళ్లిపోతాను. స్కోరు తలలో పెట్టుకుని పడుకుని, పొద్దున లేచి మళ్లీ అదే ప్రత్యర్థితో ఆడటం వేరే టెన్షన్. ఆ టెన్షన్ మాస్టర్స్‌లో ఉండదు.

టైమూ మనకు కలిసొస్తుంది. ఏప్రిల్‌లో వరంగల్ ఎండకు మధ్యాహ్నం రెండున్నరకు బయట ఎవరు తిరుగుతారు? అక్కడి ఉదయం సెషన్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. తర్వాతిది రాత్రి ఏడింటికి. మూడోది పదకొండున్నరకు, అదే కాస్త కష్టం. ఒక్క సాయంత్రమే ఖాళీ ఉన్నవాళ్లకు మాస్టర్సే చెబుతాను. నేను మాత్రం ఫైనల్ ముగిసే మే సోమవారం రాత్రి కోసం మంగళవారం సెలవు ముందే రాసిపెట్టుకుంటాను.