తొలి విదేశీ నగరం: సింగపూరు మేలా, కౌలాలంపూరు మేలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుండి మొదటిసారి విదేశానికి బయలుదేరే కుటుంబాలవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లడానికి సింగపూరు మంచిదా, కౌలాలంపూరు మంచిదా? మద్రాసు నుండి రెండింటికీ విమానంలో సుమారు నాలుగు గంటలే పడుతుంది, రెండు చోట్లా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, ఉక్కపోత మన కోస్తావారికి కొత్త కాదు. చూడవలసిన స్థలాల జాబితాలు అందరి దగ్గరా ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. కొత్త నగరం మనసుకు పట్టిందీ లేనిదీ దిగిన తొలి పూటలోనే తేలిపోతుందని నేను నమ్ముతాను. ఇటీవల మా అమ్మానాన్నలను తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు ఆ తొలి పూటను దృష్టిలో పెట్టుకొనే సింగపూరును ఎంచుకున్నాను.

ఖర్చు విషయంలో పోటీ లేదు, కౌలాలంపూరే చవక. సింగపూరులో ఒక రాత్రికి ఇచ్చే గది అద్దెతో అక్కడ రెండు రాత్రులు సునాయాసంగా గడపవచ్చు. వీసా విషయంలోనూ మలేషియాదే సౌకర్యం: 2023 డిసెంబరు నుండి భారతీయులు ముప్పై రోజుల లోపు పర్యటనకు వీసా లేకుండా వెళ్లివస్తున్నారు, అయితే ఇది గడువుతో ఇచ్చిన వెసులుబాటు కనుక టికెట్టు కొనేముందు ఒకసారి సరిచూసుకోవాలి. సింగపూరుకు గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా ముందే వీసా తీసుకోవాలి. రెండు దేశాలకూ ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో రాక పత్రం నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

ఇక అసలు విషయం. మనవాళ్లలో చాలామంది పగలంతా ఇంట్లో సర్దుకొని, సాయంత్రానికి మద్రాసు చేరి, రాత్రి విమానం ఎక్కి తెల్లవారుజామున అక్కడ దిగుతారు. నిద్ర ఉండదు, హోటలు గది మధ్యాహ్నం రెండు మూడు గంటల వరకు చేతికి రాదు, పెద్దవాళ్లకు కాఫీ వేళ అవుతుంది. ఈ ఏడెనిమిది గంటలు ఎలా గడుస్తాయన్నదాని మీదనే మిగతా ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది. సింగపూరులో విమానాశ్రయంలోనే మెట్రో ఎక్కి, ఎక్స్‌పో స్టేషనులో ఒక్కసారి మారితే లిటిల్ ఇండియాలో దిగుతాము. టికెట్టు కొనే పని కూడా లేదు, విదేశీ లావాదేవీలకు అనుమతించిన బ్యాంకు కార్డును గేటుకు తాకిస్తే చాలు. తమిళం అక్కడి నాలుగు అధికార భాషలలో ఒకటి కావడం వల్ల చాలా స్టేషన్లలో పేర్లు ఆ లిపిలోనూ కనబడతాయి. వైద్యానికో చదువుకో మద్రాసుతో ముడిపడిన నెల్లూరు పెద్దలకు ఇది చిన్న ఊరట కాదు. ఇంగ్లీషు రాని మా అమ్మ కూడబలుక్కొని చదివిన తొలి విదేశీ బోర్డు అదే. సామాను హోటలులో అప్పగించి, సెరంగూన్ రోడ్డులో 1947 నుండి నడుస్తున్న కోమల విలాస్‌లో దోసె తిని, వీరమాకాళి అమ్మవారి గుడికి వెళ్లి వచ్చేసరికి, ఆ పరాయి ఊళ్లో ఎటు పోవాలో వాళ్లకు తెలిసిపోయింది.

నా దృష్టిలో నిర్ణాయకమైనది నడక. సింగపూరులో కాలిబాట అకస్మాత్తుగా ఆగిపోదు. స్టేషను నుండి బస్టాపు వరకు, బస్టాపు నుండి నివాస భవనాల వరకు చాలాచోట్ల పైకప్పు ఉన్న దారులుంటాయి. మధ్యాహ్నపు జడివానలో కూడా తడవకుండా పోవచ్చు. దాని ఫలితంగా మా నాన్న రెండో రోజుకే, వెంట ఎవరూ లేకుండా, ఉదయం నడకకు వెళ్లి వచ్చారు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద వాహనాల మధ్య ఆయనను ఒంటరిగా పంపడానికి ఇప్పటికీ మేము వెనకాడతాము.

కౌలాలంపూరు కారును నమ్ముకొని పెరిగిన నగరం. ఎదురుగా కనబడే భవనాన్ని చేరాలంటే మధ్యలో పెద్ద రహదారి అడ్డుపడుతుంది; దాటే వంతెన ఎక్కడో ఉంటుంది. పెట్రోనాస్ జంట భవనాల ప్రాంతం నుండి బుకిత్ బింతాంగ్ వైపు వేసిన ఏసీ నడకవంతెన నిజంగా బాగుంది, కాని అది మినహాయింపు. గ్రాబ్ క్యాబులు చవక కదా, నడవవలసిన అవసరమేముంది అని మిత్రులు వాదిస్తారు. వాదనలో నిజముంది, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులు ఉన్నవారి విషయంలో. అయితే ఫోను చేతిలో ఉన్న కొడుకో కోడలో క్యాబు పిలిస్తే తప్ప గడప దాటలేని పెద్దలు ఆ ఊరిని అద్దంలో నుండి చూసినట్టే అవుతుంది; వాళ్లకు మిగిలేది భవనాల ఎత్తు గురించిన జ్ఞాపకం మాత్రమే.

ఇంత చెప్పినా, కౌలాలంపూరులో మనసు విప్పి మాట్లాడే మనుషులు ఎక్కువని ఒప్పుకోవాలి. తమిళ ముస్లిములు నడిపే మమక్ దుకాణంలో రొట్టె, టీ ముందు పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారు ఉండరు. బ్రిటిషు కాలంలో తోటల పనికి వెళ్లిన తెలుగువారి సంతతి మలేషియాలో ఈనాటికీ ఉంది. గుడి ఉన్న బటు గుహల ముందు 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, పైకి 272 మెట్లు. మెట్లు ఎక్కలేనివారికి కింది నుండి దర్శనమైనా తృప్తిగానే ఉంటుంది. వెళ్లవలసిన ఊరే అది, కాకపోతే రెండోసారికి.

బ్యాంకాక్ గురించి కూడా అడుగుతుంటారు. యువకులకు సరదాగా ఉంటుంది, శాకాహారులైన పెద్దలకు ప్రతి పూటా వెతుకులాట తప్పదు. దుబాయి వేసవిలో పగటి నడకకు పనికిరాదు, చలికాలంలో ఆలోచించవచ్చు.

డబ్బు కారణంగానో, వీసా హడావిడి వద్దనుకొనో కౌలాలంపూరే ఖాయం చేసుకున్నవారు గదిని మాత్రం జంట భవనాల దృశ్యం కోసం కాక, కె.ఎల్. సెంట్రల్ స్టేషనును ఆనుకొని ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో తీసుకోవాలి. విమానాశ్రయం ఊరికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా ఎక్స్‌ప్రెస్ రైలు దాదాపు అరగంటలో అక్కడికే చేరుస్తుంది, బటు గుహల రైలు కూడా అక్కడి నుండే దొరుకుతుంది, అరిటాకు భోజనం నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పెద్దవాళ్లు ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లి టీ తాగి రాగలిగిన పేట ఆ నగరంలో నాకు కనబడింది అదొక్కటే.