ఎంట్రీ ఫీజు కట్టే ముందు కోర్టులు ఎన్నో అడగండి

వీధి బాస్కెట్‌బాల్ టోర్నమెంటు పోస్టరు చూసి, నలుగురు స్నేహితులను పోగుచేసి, ఫోనులో డబ్బు పంపబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేము నలుగురం 4,200 రూపాయలు కట్టి, ఒక ఆదివారం మొత్తం మాల్ పైకప్పు మీది పార్కింగులో కూర్చుని, ఆరు నిమిషాలు ఆడి ఇంటికి వచ్చాము. అందులో ఒకడు కుంటుతూ వచ్చాడు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అదీకాక, ఇలా నడిపేవాళ్ళు హైదరాబాదు మొత్తానికి వీళ్ళొక్కరే ఉంటారని నాకు నమ్మకం లేదు.

మేము సికింద్రాబాదులో ఒకే కాలేజీలో చదివినవాళ్ళం. అందరికీ ముప్పై దాటింది, ఇద్దరికి పొట్ట కూడా వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఎక్కడ కోర్టు ఖాళీగా ఉంటే అక్కడ గంటసేపు ఆడుకుంటాము. ఫుల్ కోర్టు పరుగెత్తే ఓపిక ఎవరికీ లేదు కనుక ముగ్గురితో ముగ్గురు ఆడే ఆటే మాకు సరిపోతుంది. తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. దీన్ని త్రీ ఆన్ త్రీ అంటారు. 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు ఉన్న సగం కోర్టు, ఒకే రింగు, జట్టుకు ముగ్గురు, బయట మరొకడు. వంపు గీత లోపలి నుంచి వేస్తే ఒక పాయింటు, బయటి నుంచి వేస్తే రెండు. ముందుగా 21 చేసినవాళ్ళు గెలిచినట్టు, లేకపోతే 10 నిమిషాలయ్యాక ఎవరిది ఎక్కువ ఉంటే వాళ్ళది. బంతి చేతికొచ్చిన 12 సెకన్లలో రింగుకు వేయాలి. సగం కోర్టే కదా, తేలిక అనుకుంటాము కానీ ఆ 12 సెకన్లు ఊపిరి తీసుకోనివ్వవు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దీన్ని మొదటిసారి పెట్టారు. అప్పటి నుంచి ఇలాంటి పోస్టర్లు నా కంటికి తరచుగా కనిపిస్తున్నాయి.

మాకు వచ్చిన పోస్టరు చాలా అందంగా ఉంది. నల్లటి గోడ, దాని మీద రంగురంగుల అక్షరాలు, గాలిలో వేలాడుతున్న ఆటగాడు. కింద ఇలా రాశారు: 24 జట్లు మాత్రమే, రెండు కోర్టులు, ప్రతి జట్టుకూ కనీసం 3 మ్యాచ్‌లు, అంతర్జాతీయ నిబంధనలు, లక్ష రూపాయల వరకు బహుమతులు. జట్టుకు 2,400 ఫీజు. జెర్సీ తప్పనిసరి, ఒక్కొక్కటి 450. నలుగురికి 1,800.

డబ్బు పంపే ముందు నేను ఒక లెక్క వేశాను. 24 జట్లు తలా మూడు ఆడితే 36 మ్యాచ్‌లు. గడియారం ఆపుతూ ఆడే పది నిమిషాల మ్యాచ్‌కు, ముందు వార్మప్, తరవాత జట్లు మారడం కలుపుకుంటే ఇరవై నిమిషాలు పడుతుంది. రెండు కోర్టుల మీద గంటకు ఆరు మ్యాచ్‌లు. అంటే ఆరు గంటల్లో లీగ్ అయిపోతుంది, సాయంత్రానికి ఫైనల్ కూడా అయిపోతుంది. లెక్క కుదిరింది, డబ్బు పంపాను. నా లెక్కలో తప్పు లేదు. వాళ్ళు రాసిన అంకెలే తప్పు.

అప్పుడే ఆగాల్సిన గుర్తు ఒకటి ఉంది. కోడ్ స్కాన్ చేస్తే పోస్టరు మీది సంస్థ పేరు రాలేదు, ఎవరో ఒక వ్యక్తి పేరు వచ్చింది. రసీదు అడిగితే "పేమెంట్ స్క్రీన్‌షాట్ ఉంది కదా తమ్ముడూ, అదే రసీదు" అన్నారు. సరేలే అనుకున్నాను. ఈ సరేలే ఖరీదు తరవాత తెలిసింది.

ఆదివారం ఎనిమిదిన్నరకు వెళ్ళేసరికి ఒకే కోర్టు ఉంది. రెండో స్టాండు దారిలో ఉందన్నారు. అది సాయంత్రం దాకా దారిలోనే ఉంది. పార్కింగు నేల మీద టేపుతో గీతలు అంటించారు. ఎండ ఎక్కేకొద్దీ ఆ టేపు లేచి బూట్లకు అంటుకుంటోంది. ఒక పక్క గీతకూ సిమెంటు స్తంభానికీ మధ్య మూడడుగుల జాగా కూడా లేదు. ఆ స్తంభానికి ఒక పాత పరుపు చుట్టి తాడుతో కట్టారు. కనీసం ఎవరో ఒకరికి ఆ ఆలోచన వచ్చినందుకు నేను మొదట సంతోషించాను కూడా.

రింగు చూడగానే మా వాడికి అనుమానం వచ్చింది. ఇంటీరియర్ పనులు చేస్తాడు, బ్యాగులో కొలిచే టేపు ఎప్పుడూ ఉంటుంది. ఎవరూ చూడకుండా స్టూలెక్కి కొలిచాడు. రింగు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగుల ఎత్తులో ఉండాలి. చిన్నపిల్లల పోటీలకు తప్ప ఎక్కడైనా అంతే. ఇక్కడ బోర్డు వైపు 2.98, ముందు అంచు 2.91. అంటే రింగు ముందుకు వాలి ఉంది. స్టాండు కింద నీళ్ళు నింపాల్సిన ప్లాస్టిక్ తొట్టి సగం ఖాళీ. బరువు కోసం దాని మీద రెండు సిమెంటు బస్తాలు పెట్టారు. ఎవరైనా బోర్డుకు కాస్త గట్టిగా కొడితే స్టాండు మొత్తం వెనక్కి ఊగి, మళ్ళీ తీరుబడిగా ముందుకు వచ్చేది. బంతి వేశాక రింగు ఎక్కడుంటుందో ఊహించి వేయాలన్నమాట.

బంతి సంగతి వేరు. త్రీ ఆన్ త్రీకి ప్రత్యేకమైన బంతి ఉంది. చుట్టుకొలత ఆరో నంబరు బంతిది, బరువు ఏడో నంబరు బంతిది. చేతిలో చిన్నగా, బరువుగా ఉంటుంది. ఇక్కడ గరుకంతా అరిగిపోయిన ఏడో నంబరు రబ్బరు బంతి ఇచ్చారు. అంతర్జాతీయ నిబంధనలని రాసినవాళ్ళకు ఈ మాట చెబితే, "బంతి బంతే కదా అన్నా" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు. వాడిని అని లాభం లేదు. రోజుకు ఇంత అని పిలిపించి కూర్చోబెట్టినవాడు వాడు.

పది దాటాక అర్థమైంది, వచ్చినవి 24 జట్లు కావు. గోడకు అంటించిన కాగితం మీద 46 ఉన్నాయి. అక్కడే నిలబడి మళ్ళీ లెక్క వేశాను. 46 జట్లు తలా మూడు ఆడాలంటే 69 మ్యాచ్‌లు. ఒక్క కోర్టు మీద గంటకు మూడు చొప్పున ఇరవై మూడు గంటలు. ఆపకుండా ఆడితే సోమవారం పొద్దున్నకు లీగ్ అయిపోతుంది, ఆ తరవాత ఎవరికైనా ఓపిక ఉంటే ఫైనల్. డబ్బు తీసుకునేటప్పుడు ఈ లెక్క వాళ్ళకూ తెలుసు. తెలియకపోతే అసలు టోర్నమెంటే పెట్టకూడదు. 46 జట్ల ఫీజు 1,10,400 రూపాయలు. ఆ అంకె మటుకు ఎవరో తప్పకుండా వేసి ఉంటారు.

పన్నెండున్నరకు మైకులో చెప్పారు: "సమయాభావం వల్ల" ఇక లీగ్ లేదు, నేరుగా నాకౌట్. మ్యాచ్ ఆరు నిమిషాలు, గడియారం ఆపరు. ఓడితే ఇంటికే. 46 జట్లను నాకౌట్‌లో పెడితే 18 జట్లు మొదటి రౌండు ఆడకుండానే పైకి వెళతాయి, మిగిలిన 28 జట్లు 14 మ్యాచ్‌లు ఆడతాయి. ఆ పద్దెనిమిది ఎవరు అనేది చీటీలు తీసి తేల్చాలి. చీటీలు మా ముందు తీయలేదు. అడిగితే "లోపల తీశాము" అన్నారు. పైకప్పు మీద లోపల ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది పదమూడో మ్యాచ్. రెండు నలభైకి పిలిచారు. అప్పటికి నీడలో ఉన్న ఒకే ఒక్క గోడ పక్కన నలభై మంది కూర్చుని ఉన్నాము. మంచినీళ్ళ డబ్బా పదకొండుకే ఖాళీ. ఎదుటి జట్టు కాలేజీ పిల్లలు, చక్కగా ఆడారు, వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రెండో నిమిషంలో వాళ్ళ పిల్లవాడు గీత బయటి నుంచి వేస్తే స్కోరరు మూడు అని రాశాడు. ఈ ఆటలో అది రెండు. వాడు మామూలు బాస్కెట్‌బాల్ లెక్కే రాస్తున్నాడు. ఎదుటి పిల్లలే "అన్నా, అది రెండే" అని చెప్పారు. స్కోరు దిద్దించడానికి దాదాపు నిమిషం పట్టింది. గడియారం ఆపరు కదా, ఆ నిమిషం కూడా మా ఆరు నిమిషాల్లోనే పోయింది. 8-6తో ఓడిపోయాము.

చివరి అరనిమిషంలో రీబౌండు కోసం, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతి కోసం ఎగిరిన మా పొడవాటివాడు లేచిన టేపు మీద దిగాడు. చీలమండ లోపలికి మడతపడి, పక్కకు జారి ఆ పరుపు చుట్టిన స్తంభానికి భుజం తగిలింది. పరుపు లేకపోతే ఏమయ్యేదో అనుకోవడానికే భయం వేస్తుంది. ప్రథమ చికిత్స పెట్టె అడిగితే తెచ్చి తెరిచారు. లోపల దూది, ఒక అయొడిన్ సీసా, రెండు ప్లాస్టర్లు. బెణికిన కాలికి దూదితో ఏం చేయాలి? నేను నాలుగు అంతస్తులు దిగి, రోడ్డు మీద చెరకు రసం బండి ఆయనను అడిగాను. ఐసు ముక్కలు పాలిథిన్ సంచిలో పోసి ఇచ్చి, డబ్బు వద్దన్నాడు. ఆ రోజు మాకు డబ్బు తీసుకోకుండా ఏదైనా ఇచ్చినవాడు ఆయన ఒక్కడే. ఎముక విరగలేదు, మూడు వారాలు కట్టు కట్టుకుని తిరిగాడు.

డబ్బు గురించి అడిగితే నిర్వాహకుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "టోర్నమెంటు జరిగింది కదా తమ్ముడూ, మీరు ఆడారు కదా, ఇంకా వాపసు ఏమిటి?" దెబ్బ గురించి అడిగితే, పొద్దున్న మేము సంతకం పెట్టిన కాగితం చూపించాడు. గాయాలకు బాధ్యత మాది కాదు అని అందులో ఉంది. నిజమే, చదవకుండా పెట్టాము. అలా సంతకం పెట్టించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యానికి జవాబుదారీ తప్పిపోదని తరవాత ఒక న్యాయవాది మిత్రుడు చెప్పాడు. కానీ ఆ క్షణంలో ఆ కాగితం చూసి నోరు మూతపడింది. దాని పని అదే.

బహుమతి సంగతి గెలిచిన జట్టువాళ్ళు చెప్పారు. లక్ష రూపాయల "వరకు" అన్నదానిలో నగదు పదిహేను వేలు, మిగతాది ఏదో బూట్ల దుకాణం తగ్గింపు కూపన్లు. జెర్సీల గురించి ఎక్కువ చెప్పను. రెండు ఉతుకులకు నా వీపు మీది 7 ఊడి పోయింది.

ఇప్పుడు మీరు చేయగలిగినది. డబ్బు పంపే ముందు మూడు అంకెలు అడగండి: జట్లు ఎన్ని, కోర్టులు ఎన్ని, ఒక్కో జట్టుకు మ్యాచ్‌లు ఎన్ని. జట్ల సంఖ్యను మ్యాచ్‌ల సంఖ్యతో హెచ్చించి రెండుతో భాగించండి, గంటకు కోర్టుకు మూడు చొప్పున చూడండి. ఉన్న గంటల్లో పట్టకపోతే ఆ టోర్నమెంటు మధ్యాహ్నానికి నాకౌట్ అవుతుంది, మీ మూడు మ్యాచ్‌లు ఒకటవుతాయి. జవాబు మాటల్లో కాదు, రాతలో తీసుకోండి. జట్ల సంఖ్య దాటితే డబ్బు వాపసు ఇస్తామని కూడా రాయించండి. ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి. అంతర్జాతీయ నిబంధనలు, ర్యాంకింగు పాయింట్లు అని పోస్టరు మీద ఉంటే, అలాంటి పోటీలను అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా వాళ్ళ త్రీ ఆన్ త్రీ సైటులో నమోదు చేస్తారు. ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. ముందురోజు వెళ్ళి స్థలం చూసి రావడం అన్నిటికంటే మేలు. మేము ఇరవై నిమిషాల దూరంలో ఉండి కూడా వెళ్ళలేదు.

పోస్టరును మీ ఫోనులో దాచుకోండి. మేము ఫిర్యాదు రాసే సమయానికి వాళ్ళ పేజీలోని పోస్టరులో "కనీసం 3 మ్యాచ్‌లు" అన్న మాట మాయమైంది. అదృష్టం కొద్దీ మా వాట్సాప్ గ్రూపులో పాతది మిగిలింది. దానితో పాటు డబ్బు పంపిన వివరం, రింగుకు పట్టిన టేపు ఫోటో, గోడ మీది 46 జట్ల కాగితం ఫోటో జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఇచ్చాము. డబ్బు తీసుకుని టోర్నమెంటే పెట్టకుండా ఎవరైనా ఉడాయిస్తే దారి వేరు, సైబర్ మోసాల నంబరు 1930కి ఆలస్యం చేయకుండా ఫోను చేయాలి. మా ఫిర్యాదు 1915లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళతాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మన నివాసం ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షలు మించకపోతే ఫీజు కూడా లేదు. 4,200 కోసం ఇంత అవసరమా అని ఇంట్లో అడిగారు. అవసరమే అన్నాను. ఆ 46 జట్లలో ఇంకో ఆరు జట్లు మాతో కలిశాయి, మాతో ఆడి గెలిచిన పిల్లలు కూడా.

పది రోజుల క్రితం జెర్సీల డబ్బు 1,800 వెనక్కి వేశారు, "మంచి సంబంధాల దృష్ట్యా" అని ఒక సందేశంతో. ఫీజు మాట లేదు. దానికి బదులు వచ్చే టోర్నమెంటులో ఉచిత ప్రవేశం ఇస్తామన్నారు.

ఆ వచ్చే టోర్నమెంటు పోస్టరు నిన్న వచ్చింది. పేరు మారింది, గాలిలో వేలాడే ఆటగాడు మారలేదు. ఈసారి "32 జట్లు మాత్రమే", తలా మూడు మ్యాచ్‌లు, ఒకే రోజు. అంటే 48 మ్యాచ్‌లు. కోర్టుల సంఖ్య రాయలేదు. మా బావమరిది నంబరు నుంచి "కోర్టులు ఎన్ని అన్నా?" అని ఒక సందేశం పెట్టించాను. అరనిమిషంలో జవాబు వచ్చింది. తెరిచి చూస్తే క్యూఆర్ కోడ్.